తండ్రి బతికున్న ముసలాయన

మొన్న మహాలయ పక్షంలో మా ఆయన పేర నీళ్ళు వదిలించడానికి మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఖారున్ నది ఒడ్డుకు వెళ్ళాను. రేవు మెట్ల మీద కూర్చుని కర్మలు చేయించే పండా, వచ్చిన ప్రతి మగవాడినీ ముందుగా ఒకే మాట అడుగుతున్నాడు. "పితాజీ హై?" తండ్రి ఉన్నవాడు పెద్దలకు తర్పణం వదలకూడదు కదా, అందుకని. మా అబ్బాయి తల వంచుకుని "నహీ హై" అన్నాడు. ఆ మాట వాడి నోట వినడం నాకు అదే మొదలు. మా ఆయన కోసం ఏడవాల్సినదాన్ని, ఉన్నట్టుండి ఇంకొకాయన గుర్తొచ్చి ఆగిపోయాను. ఎనభై దాటాక కూడా అదే రేవులో, అదే ప్రశ్నకు, తెల్లటి మీసం దువ్వుకుంటూ "హై" అని జవాబు చెప్పిన మనిషి ఆయన.

"హై?" అని పండా నోరు తెరిచేవాడు. "బాబా, ఆప్‌కే పితాజీ?"

"హా. బాహర్ హై."

బయటి దేశంలో ఉన్నాడని అలా చెప్పి, తల్లికి మాత్రం పెట్టుకుని వచ్చేవాడు. ఆ పక్షంలో నవమి నాడు, మొగుడు ఉండగా ముత్తైదువలుగా పోయిన ఆడవాళ్ళకు పెడతారు. అవిధవా నవమి. ఏ ఏడూ ఆయన ఆ రోజు తప్పలేదు. చీర, గాజులు, పసుపు కుంకుమలు పళ్ళెంలో పెట్టుకుని రిక్షాలో వెళుతుంటే పెళ్ళికి వెళుతున్నట్టు ఉండేది.

మా రైల్వే కాలనీలో అందరూ ఆయన్ని బస్రా తాత అనేవారు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ వాళ్ళకు బస్రా బబా. మా మావగారిదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు, క్వార్టర్లు కూడా గోడకు గోడ, అందుచేత నేను మావయ్యా అనేదాన్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బండి ఆగిన చోటల్లా సుత్తి పుచ్చుకుని చక్రాలు కొట్టి చూడడం ఆయన పని. గంటలా పలికితే చక్రం మంచిది, మొద్దుగా పలికితే పగులుంది. రిటైరయ్యాక సుత్తి పోయింది గానీ బుద్ధి పోలేదు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం, బిందె, బల్ల, ఏది కనిపిస్తే అది వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు. కుండలు కొనడానికి ఆడవాళ్ళం ఆయన్ని బజారుకు తీసుకెళ్ళేవాళ్ళం. మా ఆయన నెత్తి మీద కూడా ఓసారి కొట్టి, "ఇందులో ఏటీ నేదు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు పనికొచ్చింది.

ఇంతకీ ఆ తండ్రి సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం నాడు, తెల్లదొరలకు ఇరాక్‌లో బస్రా దగ్గర ఎడారిలో పట్టాలు వేయించాల్సి వచ్చింది. పట్టాల పని తెలిసిన కూలీలను మన లైన్ల మీద నుంచే ఏరి, ఓడల్లో ఎక్కించుకుపోయారు. ఎవరి మీద యుద్ధమో, ఎందుకో వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఈయన అప్పటికి తల్లి కడుపులో ఉన్నాడు. తండ్రి వెళ్ళాడు, రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. రాజుల కొట్లాట కాబట్టి రాజులకు లెక్కలుంటాయి, పలుగు పట్టినవాడికి ఎవరు రాస్తారు?

అదే గుంపులో తిరిగొచ్చిన ఒకడు మాత్రం, ఆయన బస్రాలోనే నిలిచిపోయాడని, అక్కడి మనిషినొకతెను చేరదీసి కాపురం పెట్టాడని ఇంటికొచ్చి చెప్పాడట. అది నిజమని నేనెప్పుడూ నమ్మలేదు. పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్న పడుచుపిల్లతో, నీ మొగుణ్ణి ఇసుకలో పూడ్చి వచ్చానని ఎవరు చెప్పగలరు? ఏదో ఒకటి చెప్పి బయటపడి ఉంటాడు. కానీ ఆవిడ నమ్మింది. సవతి వచ్చిందని ఏడవలేదు సరికదా, వండి పెట్టే మనిషి ఉంది, అంతే చాలు అందట.

పన్నెండేళ్ళు దాటాక ఊరి నుంచి పెద్దలు దిగారు. మనిషి జాడ లేకుండా అన్నేళ్ళు గడిస్తే మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, దానికి నిప్పు పెట్టి కర్మ చేసేయాలి. ఆ తర్వాత భార్యకు గాజులు పగలగొట్టి బొట్టు తీస్తారు. ఆవిడ అప్పుడు లోకో షెడ్డులో బొగ్గు మోసేది. బొగ్గు పార పుచ్చుకుని గుమ్మంలో నిలబడిందట. ఆ మాట చెప్పేటప్పుడు మావయ్య కూడా లేచి నిలబడేవాడు.

"పీనుగుని సూపించండి. బొట్టు నానే తుడుసుకుంటాను. ఆకుల బొమ్మకి నాను ముండనవ్వను" అందట.

అంతే, పెద్దలు తిరుగు బండి ఎక్కారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ లేదు. నిండా పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టి పంపాడట మావయ్య. పోయేముందు చెయ్యి పట్టుకుని, నన్నిలాగే ఉంచు, నీ జన్మలో ఎప్పుడూ ఆ బొమ్మ కాల్చకు అని మాట తీసుకుంది. అందుకని ఆయన తండ్రికి కర్మ లేదు, తద్దినం లేదు. కొడుకు పోరాడు, కోడలు పోరాడింది. ఇంట్లో ఏ చిక్కు వచ్చినా పితృదోషమన్నారు. ఆయన మీసం దువ్వుకుని "మా అయ్య బతికే ఉన్నాడు" అనేవాడు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఏడాదే ఆయన మనవడి పెళ్ళి. కార్డులు అచ్చయి వచ్చాయి. ముత్తాత పేరు ముందు ప్రెస్సువాడు తనంతట తనే "స్వర్గీయ" అని చేర్చాడు. ముసలాయన కార్డుల కట్ట మోసుకుని మా ఇంటికొచ్చి, మా ఆయన్ని స్కూటర్ తీయమన్నాడు. ప్రెస్సువాడు ఇద్దరినీ ఎగాదిగా చూసి, "భయ్యా, దూల్హే కే పర్‌దాదా జిందా హై క్యా?" అన్నాడట, పెళ్ళికొడుకు ముత్తాత ఇంకా బతికున్నాడా అని. మా ఆయనే "హై, బాహర్ రహతే హై" అన్నాడు. కార్డులన్నీ మళ్ళీ అచ్చు వేయించారు. ఇంటికొచ్చాక మా ఆయన నాతో, "నూరేళ్ళు దాటినవాణ్ణి కార్డులో బతికించాం, పెళ్ళికి వస్తే ఎక్కడ పడుకోబెడతారే?" అన్నాడు. పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

తండ్రి బతికుంటే ఆ కాపురంలో పిల్లలుంటారు కదా. మావయ్య చిన్నప్పుడే బస్రాలో తనకొక తమ్ముణ్ణి ఏర్పాటు చేసుకున్నాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఒంటి పిల్లాడు, ఏం చేస్తాడు? పేరు మాత్రం పెట్టలేదు. "ఆడి పేరు ఆళ్ళమ్మ పెట్టుంటాది, మనం ఎవులం?" అనేవాడు. తనతో పాటు వాడినీ పెంచాడు. తనకు పెళ్ళయ్యాక వాడికీ పెళ్ళీడు వచ్చిందన్నాడు. తను రిటైరయ్యాక వాడికి కూడా పని మానే వయసొచ్చిందన్నాడు. రంజాన్ నెలలో బజారుకెళ్ళి ఖర్జూరాల బళ్ళ దగ్గర ప్రతివాడినీ "బస్రా కా హై?" అని అడిగి, అవునన్నవాడి దగ్గరే కొనేవాడు. అమ్మేవాళ్ళు గడుసువాళ్ళు, ఆయన రావడం చూడగానే అవునని కేకేసేవారు. తెచ్చి ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని, అప్పుడు మాకు పంచేవాడు.

"మావయ్యా, మీ తమ్ముడు నమాజు చేస్తాడేమో" అని మా ఆయన ఉడికించేవాడు.

"సేత్తే సేత్తాడు. మొక్కు నేని బతుకేటి?" అనేవాడు.

అలా ఆ తమ్ముడు మా కాలనీలో అందరికీ తెలిసినవాడైపోయాడు. ఎవరికీ ఏ అపకారమూ చేయని తమ్ముడు.

తర్వాత అమెరికా వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ ఇరాక్ మీద పడ్డారు. ఆ రోజుల్లోనే క్రికెట్ ప్రపంచ కప్పు. ఆయన ఇంట్లో టీవీ ముందు నుంచి కొడుకూ మనవడూ లేవరు. మా ఆయనకు క్రికెట్ గిట్టదు, వార్తలు పెట్టుకుని కూర్చునేవాడు. ఒకనాడు పొద్దున్నే మావయ్య చేబదులు అడగడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడి, "అమ్మీ, మీ టీవీలో బస్రా అంటన్నారట. సూడొచ్చునా?" అన్నాడు.

బతుకంతా తలుచుకున్న ఊరిని ఆయన చూడడం అదే మొదటిసారి. ముందు దగ్గరికెళ్ళి టీవీ నెత్తిన వేలి కణుపుతో కొట్టి చూశాడు. తర్వాత కింద చతికిలబడ్డాడు. తెర మీద నల్లటి పొగ. ఒక వంతెన. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం ఊరు విడిచి వంతెన మీదుగా పరిగెత్తుతున్నారు. ట్యాంకులు వచ్చినప్పుడు మావయ్య తల పక్కకు పెట్టేవాడు, మనుషులు వచ్చినప్పుడు ముందుకు వంగేవాడు. యుద్ధంలో ఎవరు గెలుస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. మొహాలు వెతుకుతున్నాడని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ముసలివాడు నడుం మీద చెయ్యి వేసుకుని ఈడ్చుకుంటూ వెళుతుంటే తెర మీద వేలు పెట్టాడు.

"ఆ నడక సూడు అమ్మీ. మా తమ్ముడు గాడూ?"

"మీ తమ్ముణ్ణి మీరెప్పుడు చూశారు మావయ్యా, నడక గుర్తుపట్టడానికి?" అన్నాను కాస్త విసురుగానే. పొయ్యి మీద పప్పు మాడుతోంది మరి.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. టీవీవాళ్ళు చూపించిన బొమ్మే మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, ఆ వంతెన మీద ఆ ముసలివాడు ఎన్నిసార్లు నడిస్తే అన్నిసార్లూ ఈయన లేచి కూర్చునేవాడు. మాతో కాఫీ కూడా తాగడం మానేశాడు. ఇంట్లో అన్నం దగ్గర్నుంచి లేచిపోతున్నాడని కోడలు చెప్పి ఏడ్చింది. యుద్ధం మొదలైనప్పుడు మాకది వార్త. ఆయనకు మాత్రం ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టయింది.

ఒకనాడు టీవీలో బాంబులు పడుతుండగా, చెవులు మూసుకుని అన్నాడు. "అయ్య అక్కడ బతకబట్టి గదా ఆడు పుట్టినాడు. పుట్టబట్టి గదా ఈయాల ఈటి కింద పడ్డాడు. అయ్య అప్పుడే పోయినాడనుకో, ఆడు పుట్టనేపుట్టడు. పుట్టనోడి మీద బాంబు పడదు గదేటి?"

ఆయన లేచి నేరుగా పంతులు గారింటికి నడిచాడు. ఆకుల బొమ్మకు ముహూర్తం పెట్టమన్నాడు.

ఉగాది ముందు అమావాస్యకు పెట్టారు. కొడుక్కి ఎన్నాళ్ళ కోరికో తీరినట్టయింది, తండ్రి మనసు ఎందుకు మారిందని అడగలేదు. పండగ ముంగిట మైల పడుతుందని కోడలు గొణిగింది. చిక్కల్లా ఆకులతో వచ్చింది. ఆ రోజుల్లో మోదుగులు ఆకంతా రాల్చేసి పూత మీద ఉంటాయి. కొడుకు స్కూటర్ మీద ధర్సీవా దాకా వెళ్ళాడు. ఎక్కడ చూసినా చెట్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఒక్క ఆకు లేదు. చివరికి బీర్‌గావ్‌లో మోదుగాకు విస్తళ్ళు కుట్టే ముసలమ్మ దగ్గర ఎండు విస్తళ్ళు కొన్నాడు. ఆవిడ కట్ట కడుతూ, "కత్‌కా ఝన్ ఖాహీ, బేటా?" అని అడిగిందట. ఎంతమంది తింటారు బాబూ అని. డబ్బులు చేతిలో పెట్టి వచ్చేశాను అని నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆడవాళ్ళు రేవుకు వెళ్ళకూడదన్నారు. "టీవీ సూపించినావు, నువ్వు రావాల" అని మావయ్య పట్టుబట్టాడు. వెళ్ళాను. వద్దన్న చోటికి వెళ్ళడం నాకు కొత్త కాదు. మంగలి ముందు తల గొరిగి, తర్వాత ఆ మీసం తీశాడు. తండ్రి ఉన్నవాడు మీసం తీయకూడదని తల్లి పోయినప్పుడు కూడా తీయనివ్వలేదట. మీసం లేని ఆ మొహం ఎవరిదో పరాయివాడి మొహంలా ఉంది. పంతులు గారు విస్తళ్ళ కుట్లు విప్పి, ఆకులు పరిచి, దర్భతో కట్టి తలా, చేతులూ, కాళ్ళూ చేశాడు. తల దగ్గర కొబ్బరికాయ పెట్టాడు. ఇంత మనిషి అయ్యాడు ఆయన తండ్రి. మావయ్య కింద కూర్చుని ఆ ఆకుల కాళ్ళు పట్టుకుని చూశాడు.

"తాతగారూ, సంకల్పంలో తిథి చెప్పాలి" అన్నాడు పంతులు గారు. చిన్నవాడే, మంచివాడు. "ఆయన ఎప్పుడు పోయినట్టు చెప్పమంటారు? నన్నడిగితే, మీ అమ్మగారు పోయిన తర్వాత ఏ అమావాస్యకో పోయినట్టు చెప్పుకుందాం. అప్పుడు ఆవిడ ముత్తైదువగా వెళ్ళినట్టే ఉంటుంది. మీరిచ్చిన మాటకూ లోటు రాదు."

అందరం హమ్మయ్య అనుకున్నాం. కొడుకు "అలాగే చెప్పండి" అని తొందరపడ్డాడు. మావయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మ పోయినదాకా అయ్య బతికున్నట్టేనా?"

"అవునండి."

"ఎక్కడ బతికున్నట్టు?"

పంతులు గారికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. తండ్రి అన్నేళ్ళు బస్రాలో బతికాడంటే తమ్ముడు పుట్టినట్టే, బాంబుల కింద ఉన్నట్టే. తండ్రి అప్పుడే పోయాడంటే, బొగ్గు పార పట్టుకుని జన్మంతా నిలబెట్టుకున్న తల్లి బొట్టు అబద్ధమైపోతుంది. ఎటు చెప్పినా ఎవరో ఒకరు పోతారు. ఆ ముసలి ప్రాణానికి అది నిజంగానే అంత సంకటం, చుట్టూ నిలబడ్డ మాకు ఎవరికి ఎలా కనిపించినా సరే.

మావయ్య నది వైపు చూశాడు. ఎండాకాలం మొదలు, నీళ్ళు ఓ పక్కకు తగ్గిపోయి ఉన్నాయి.

"ఓడలోనే పోయినాడు" అన్నాడు. "ఒడ్డు దిగనేదు. అలాగ సెప్పు."

"అయ్యా, నాయనమ్మకి మాటిచ్చావు" అన్నాడు కొడుకు.

"తెలుసురా." నీళ్ళ వైపు తిరిగి దండం పెట్టాడు. "అమ్మా, తిట్టు. ఎంత తిడతావో తిట్టు. నువ్వు సచ్చినదానివి, నీకింక నొప్పెట్టదు. ఆడు బతికున్నోడే."

"అలా అయితే ఇక అవిధవా నవమి పెట్టడానికి ఉండదండి" అన్నాడు పంతులు గారు మెల్లగా.

"ఉండదు" అన్నాడు మావయ్య.

ఎండు విస్తళ్ళు ఎంతసేపు కాలతాయి? నిప్పు పెట్టిన మనిషి వెనక్కి జరిగేలోపే అయిపోయింది. ఆ రోజు నేను, బొట్టే కదా, ఎప్పుడో పోయిన మనిషి బొట్టు కోసం ఇంత బాధేమిటి అనుకున్నాను. నిరుడు మా ఆడపడుచు నా గాజుల మీద చెయ్యి వేసినప్పుడు గానీ ఆయన ఆ రేవులో తల్లిని ఏం చేశాడో నాకు తెలియలేదు. నేను మా ఆడపడుచు చెయ్యి తోసేశాను. మావయ్య తల్లి కూడా పెద్దల చెయ్యి అలాగే తోసేసింది. చివరికి కన్న కొడుకే, అదీ ప్రేమతోనే, ఆ బొట్టు తీసేయాల్సి వచ్చింది. దీనికి ఎవరిని అనాలి? ఓడ పంపినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిశారు.

ఆ వానాకాలం దాటకుండానే మావయ్యా పోయాడు. పోయేముందు చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో ఆయన చివరగా మాట్లాడింది మాత్రం కర్మ అయిన కొద్ది రోజులకు, మా ఇంట్లోనే.

బస్రా ఇంకా పడిపోలేదు, టీవీలో కాల్పులు సాగుతున్నాయి. ఆయన ఇక రాడనుకున్నాను. తమ్ముడే లేనప్పుడు చూడడానికి ఏముంది? కానీ మధ్యాహ్నం భోజనాల వేళ గుమ్మంలో నిలబడ్డాడు. నేను జరిగి చోటిచ్చాను. కూలిపోయిన ఇల్లొకటి చూపిస్తున్నారు. ఒక ముసలివాడు, ఒంటి నిండా సున్నం ధూళి, చేతులతో ఇటుకలు తీసి వెనక్కి విసురుతున్నాడు. లోపల ఎవరున్నారో ఏమో. పక్కనెవరూ లేరు. వంతెన మీద కనిపించినవాడు కూడా కాదు, వేరే ఎవరో.

"ఆడే" అన్నాడు మావయ్య.

"మీకు తమ్ముడు లేడు మావయ్యా. ఓడలోనే అయిపోయిందని మీరే కదా చెప్పారు" అన్నాను. బతిమాలుతున్నట్టే అన్నాను.

"నానూ అలాగే అనుకున్నాను అమ్మీ." తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "అయ్యని సంపీసినాను. అమ్మని ముండని సేసీసినాను. ఆడు మాత్రం పోనేదు."

చూడలేక, టీవీ ఆపేద్దామని లేచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపకు. ఆడింకా తవ్వుతున్నాడు."